ఆరో అర

సెడేలియాలో ఫిబ్రవరి శనివారం.
పశువుల ప్రదర్శన షెడ్డులో ఆవులు లేవు,
వాటి వాసన మాత్రం అద్దె కట్టకుండా ఉండిపోయింది.
బల్లలనిండా తుపాకులు,
మధ్యమధ్య తేనె సీసాలు, ఎండు మాంసం,
ఎవరి తాతదో కట్టుడు పళ్ళ సెట్టు.

నేను కొత్తవాటి వైపు చూడను.
నాకు కావలసింది మందు కూరి కాల్చేది,
ప్రతి గుండుకీ కాస్త ఓపిక అడిగేది.

మందు. మా భాషకెంత పొదుపు!
జ్వరానికీ అదే మాట, శనివారం సాయంత్రానికీ అదే,
ముందు నల్ల తగిలిస్తే ఇంకో మత్తు.
ఇదంతా ఫ్యాక్టరీలో లెరాయ్ స్టంఫ్‌కి చెప్పబోయి
నవ్వి ఊరుకున్నాను.
కొనడం నేర్పింది ఆయనే:
"మెరుపు చూడకు, ముక్కు పెట్టు.
కుళ్ళిన గుడ్డు వాసనొస్తే
కాల్చినవాడు కడక్కుండా పడుకున్నాడని.
ఒక్క రాత్రి చాలు, ఉక్కుని తినేస్తుంది."

అందుకే వంకాయలు బేరమాడే మనిషిలా
తిప్పి తిప్పి చూస్తాను, పుచ్చెక్కడుందోనని.

వర్నా ఓల్డ్‌హామ్ బల్ల చివరిది, మరుగుదొడ్ల పక్కన.
పూల దుప్పటి మీద ఒకటే రివాల్వరు,
చుట్టూ ఆమె అల్లిన ఉన్ని టోపీలు.
ఇటలీ సరుకు, యాభై ఏళ్ళుంటాయి.
ఇత్తడికి చిలుము పట్టింది,
పిడి మీద ఒకే అరచేయి అరగదీసిన చోటు.
"డెల్మర్‌ది. నూట ఎనభై."
"నూట నలభై."
ఆమె అల్లుతూనే ఉంది. అది అవునూ కాదు, కాదూ కాదు.

గుర్రం సగం లేపాను. చక్రం తిరిగింది,
టిక్కు టిక్కుమని, కాస్త బద్ధకంగా.
టార్చి వేస్తే గొట్టం లోపల
మశూచి పోసిన మొహం.
బుడిపెల మీద రాగి టోపీలు లేవు.
టోపీలన్నీ వర్నా దగ్గరే.
జేబులోంచి చెక్కపుల్ల తీసి
ఒక్కో అరలో దించాను, గోటితో గుర్తు పెట్టుకుంటూ.
ఒకటి, అడుగు తగిలింది. రెండు. మూడు. నాలుగు. ఐదు.
ఆరోదాంట్లో సగంలోనే ఆగింది.

మళ్ళీ దించాను.
మళ్ళీ సగమే.
ఎండిపోయిన కొవ్వు పొర కింద
బూడిదరంగు గుండు, నిద్రపోతున్న కనుగుడ్డు.

పొద్దుటినుంచి ఎందరెత్తారో దీన్ని!
నాకు ముందే ఒక కుర్రాడు పైన ఫ్యానుకి గురిపెట్టి
నోటితో ఢాం అన్నాడు.
మూతిని మెల్లగా గోడవైపు తిప్పి
"ఇందులో ఒకటుంది" అన్నాను.

సూదులు ఆగాయి.
ఆమె భయపడలేదు. లెక్కపెట్టుకుంది.
"వాగు గట్టున కాల్చేవాడు, ఆదివారాలు.
నేను వంటింట్లోంచి లెక్కపెట్టేదాన్ని,
ఆరైతే వస్తాడని.
ఆ రోజు నేనే తొందరపడి పిలిచుంటాను.
బంగాళాదుంపలు చల్లారితే ఆయనకి పడదు.
తిన్నాక కడుగుతానన్నాడు."

నూట ఎనభై ఇచ్చాను. ఇరవై వెనక్కి తోసింది,
దాంతోపాటు ఆవపువ్వు రంగు టోపీ ఒకటి, నాకు పట్టనిది.
"ఆ గుండు తీశాక పారేయకు."

గరాజులో, హీటరు ఆపేసి,
ఆరో బుడిపె విప్పి నీళ్ళు పోశాను.
మందు తడి కాటుకలా కారింది.
వెనకనుంచి పుల్లతో తోస్తే
గుండు కాసేపు మొరాయించి
గుడ్డ మీద పడింది, చప్పుడు లేకుండా.
సబ్బునీళ్ళు మరిగించి అరలన్నీ తోమాను.
పేలిన ఐదూ గుంటలు గుంటలు,
ఎన్నిసార్లు కడిగినా ఎర్రనీళ్ళే.
ఆరోది మాత్రం
నిన్న కొన్న స్టీలు గ్లాసు.

గుండుని దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి
పోస్టాఫీసుకి తీసుకెళ్ళాను.
ఏముందిందులో, అన్నాడు గుమాస్తా.
సీసం, ఔన్సులో మూడోవంతు, అన్నాను.
తూచాడు.